కారాగారం వెలుపల పర్యవేక్షణ: అమెరికా కౌంటీల అనుభవం, మన జిల్లాలకు పాఠాలు

(ప్రత్యేక వ్యాసం)

నేరారోపణను ఎదుర్కొంటున్న వ్యక్తిని విచారణ పూర్తయ్యేవరకు ఎక్కడ ఉంచాలన్నది నేర న్యాయ పాలనలో ఎప్పటికప్పుడు ఎదురయ్యే ప్రశ్న. జైలులో ఉంచితే నేరం రుజువు కాకముందే శిక్ష అనుభవించినట్లవుతుంది. విడిచిపెడితే వాయిదాలకు హాజరు కాడేమో, సాక్షులను బెదిరిస్తాడేమో, బాధితులకు మళ్లీ హాని తలపెడతాడేమో అన్న ఆందోళన ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యేమార్గంగా, నిందితుని విడుదల చేసి నియమిత షరతులతో పర్యవేక్షించే విధానం అనేక దేశాలలో అమలులో ఉంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ బాధ్యతలో అధిక భాగాన్ని కౌంటీలు, అంటే మన జిల్లాలను పోలిన స్థానిక పాలనా విభాగాలు, నిర్వహిస్తున్నాయి. ఆరు దశాబ్దాలకు పైబడిన ఆ అనుభవంలో అనుసరించదగినవీ ఉన్నాయి, జాగ్రత్తపడవలసినవీ ఉన్నాయి.

ఈ అంశం మనకు దూరమైనది కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో గణాంకాల ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా తీర్పు వెలువడనివారే. జైళ్ల మొత్తం సామర్థ్యం 4,36,266 మాత్రమే కావడం గమనార్హం.

కౌంటీల పాత్ర

అమెరికాలో కౌంటీలు, వాటికి సమానమైన విభాగాలు కలిపి 3,100కు పైగా ఉన్నాయి. శిక్ష పడిన దీర్ఘకాల ఖైదీలు రాష్ట్ర లేదా ఫెడరల్ కారాగారాలకు వెళ్తారు. కొత్తగా అరెస్టయినవారు, విచారణ కోసం నిరీక్షిస్తున్నవారు, స్వల్పకాలిక శిక్షలు అనుభవిస్తున్నవారు కౌంటీ జైళ్లలో ఉంటారు. ఈ జైళ్లను సాధారణంగా ఎన్నికైన షెరీఫ్ నిర్వహిస్తారు. 2023 మధ్యనాటికి ఈ స్థానిక జైళ్లలో సుమారు 6.6 లక్షల మంది ఉండగా, వారిలో దాదాపు 70 శాతం మంది నేరం రుజువు కానివారు. నిష్పత్తిలో ఇది మన జైళ్ల పరిస్థితికి చాలా దగ్గరగా ఉంది.

జైలు వ్యయం స్థానిక పన్నులతో నడిచే కౌంటీ ఖజానాపైనే పడుతుంది. జైలు కిక్కిరిసినప్పుడు కొత్త భవనం కట్టాలా, లేక కొందరిని బయట ఉంచి పర్యవేక్షించాలా అన్న నిర్ణయం కౌంటీ బోర్డు ముందుకు వస్తుంది. పర్యవేక్షణ కార్యక్రమాల విస్తరణకు మానవతా దృక్పథంతోపాటు ఈ ఆర్థిక కారణమూ తోడైంది.

ఇందులో రెండు వర్గాలను వేరుగా గుర్తించాలి. మొదటిది, విచారణకు ముందు విడుదలైనవారు. చట్టం దృష్టిలో వీరు నిర్దోషులు. వీరిపై షరతులకు ఉన్న ప్రయోజనాలు రెండే: కోర్టుకు హాజరయ్యేటట్లు చూడడం, ప్రజల భద్రతను కాపాడడం. రెండవది, నేరం రుజువైన తరువాత జైలు శిక్షకు బదులుగా ప్రొబేషన్‌పై విడుదలైనవారు. వీరి విషయంలో దిద్దుబాటు, పునరావాసం ముఖ్యోద్దేశాలు. 2022 చివరినాటికి అమెరికాలో ప్రొబేషన్‌లో ఉన్నవారు సుమారు 30 లక్షల మంది. ఈ రెండు వర్గాలకు ఒకే సిబ్బంది, ఒకే రకమైన షరతులు వర్తింపజేసిన చోట్ల, నిర్దోషిగా పరిగణించవలసిన వ్యక్తి దోషితో సమానమైన ఆంక్షలకు లోనవుతున్నాడన్న విమర్శ బలంగా వినిపిస్తోంది.

మన్‌హటన్ నుంచి హుస్సేనారా ఖాతూన్ వరకు

ప్రొబేషన్ విధానానికి ఆద్యునిగా జాన్ అగస్టస్‌ను పేర్కొంటారు. బోస్టన్ నగరంలో పాదరక్షల తయారీ వృత్తిలో ఉన్న ఆయన, 1841లో మద్యపానం కేసులో పట్టుబడిన ఒక వ్యక్తికి పూచీగా నిలిచి, అతడు మారడానికి తోడ్పడ్డారు. ఆ కృషి ఫలితంగా 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం అమెరికాలోనే తొలి ప్రొబేషన్ చట్టం చేసింది.

విచారణకు ముందు విడుదల విషయంలో మలుపు 1961లో న్యూయార్క్‌లో వచ్చింది. సొమ్ము చెల్లించలేకపోవడం వల్లనే అనేకమంది పేదలు జైలులో మగ్గుతున్నారని గమనించిన లూయీ ష్వైట్జర్, హెర్బర్ట్ స్టర్జ్ వేరా ఫౌండేషన్‌ను స్థాపించి మన్‌హటన్ బెయిల్ ప్రాజెక్టును ప్రారంభించారు. న్యాయశాస్త్ర విద్యార్థులు నిందితులతో మాట్లాడి, ఎంతకాలంగా ఆ ఊరిలో నివసిస్తున్నారు, కుటుంబం ఎక్కడ ఉంది, ఉద్యోగం ఉన్నదా, గతంలో కేసులు ఉన్నాయా అన్న వివరాలు సేకరించి నిర్ధారించుకునేవారు. స్థానికంగా గట్టి బంధాలు ఉన్నవారిని సొమ్ము లేకుండా, సొంత పూచీపై విడుదల చేయవచ్చునని న్యాయమూర్తికి సిఫారసు చేసేవారు. తొలి మూడేళ్లలో ఇలా విడుదలైనవారిలో ఉద్దేశపూర్వకంగా కోర్టుకు రానివారు నూటికి ఇద్దరి లోపే ఉన్నారు. ఈ ఫలితాలే 1966 నాటి ఫెడరల్ బెయిల్ సంస్కరణ చట్టానికి దారి తీశాయి.

ఆ ప్రయోగ ప్రభావం భారత న్యాయస్థానాలకు కూడా చేరింది. బీహార్ విచారణ ఖైదీలకు సంబంధించిన హుస్సేనారా ఖాతూన్ కేసులో 1979లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, జస్టిస్ పి.ఎన్. భగవతి మన్‌హటన్ ప్రాజెక్టును పేరుపెట్టి ప్రస్తావించారు. సొమ్ము పోతుందన్న భయం ఒక్కటే నిందితుని పారిపోకుండా ఆపుతుందన్న భావనను ఆయన తిరస్కరించారు. నివాసం, కుటుంబ సంబంధాలు, ఉపాధి, గత చరిత్ర వంటి అంశాలను పరిశీలించి వ్యక్తిగత బాండుపై విడుదల చేయవచ్చునని స్పష్టం చేశారు. నేడు మన కోర్టులు పరిశీలించే ఈ అంశాల వెనుక న్యూయార్క్ విద్యార్థుల ప్రశ్నావళి కూడా ఉందన్నమాట.

పర్యవేక్షణ జరిగే తీరు

కౌంటీల ప్రీ ట్రయల్ సేవల కార్యాలయాలలో పని సాధారణంగా మూడు దశలలో సాగుతుంది. మొదట, అరెస్టయిన వ్యక్తి వివరాలు సేకరించి, హాజరు కాకపోయే అవకాశం, మళ్లీ నేరం చేసే అవకాశం ఎంత ఉన్నాయో అంచనా వేసి న్యాయమూర్తికి నివేదిక ఇస్తారు. రెండవ దశలో, న్యాయమూర్తి విధించిన షరతుల ప్రకారం పర్యవేక్షణ స్థాయిని నిర్ణయిస్తారు. కొందరికి వాయిదా తేదీని గుర్తుచేయడం మాత్రమే ఉంటుంది. కొందరు ఫోనులోగాని స్వయంగా వచ్చిగాని హాజరు చెప్పుకోవాలి. మరికొందరికి మాదకద్రవ్య పరీక్షలు, రాత్రివేళ ఇల్లు దాటరాదన్న నిబంధన, ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ ఉంటాయి. మూడవ దశలో, షరతుల ఉల్లంఘన జరిగితే కోర్టుకు తెలియజేస్తారు.

న్యూజెర్సీ రాష్ట్రం 2017 జనవరి 1 నుంచి సొమ్ముతో కూడిన బెయిలును దాదాపుగా పక్కనపెట్టి, అంచనా పత్రం ఆధారంగా స్థాయిల వారీ పర్యవేక్షణను ప్రవేశపెట్టింది. 2015 చివరి నుంచి 2018 చివరి వరకు అక్కడి కౌంటీ జైళ్లలో విచారణ ఖైదీల సంఖ్య సుమారు 44 శాతం తగ్గింది. టెక్సాస్‌లోని హారిస్ కౌంటీలో, అంటే హ్యూస్టన్ నగరం ఉన్న కౌంటీలో, చిన్న నేరాల నిందితులను సొమ్ము చెల్లించలేదన్న కారణంతో నిర్బంధించడం రాజ్యాంగ విరుద్ధమని 2017లో ఫెడరల్ కోర్టు పేర్కొన్నది. 2019లో కుదిరిన ఒప్పందం ద్వారా అక్కడ సంస్కరణలు అమలులోకి వచ్చాయి. ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరు 18 నుంచి నగదు బెయిలును పూర్తిగా రద్దు చేసి, ఆ పని చేసిన తొలి రాష్ట్రంగా నిలిచింది.

అంచనా పత్రాలపైనా అభ్యంతరాలు లేకపోలేదు. గత అరెస్టుల లెక్కపై ఆధారపడినందున, పోలీసు నిఘా ఎక్కువగా ఉన్న నల్లజాతి వాడల ప్రజలకు అధిక మార్కులు పడే ప్రమాదం ఉందని పరిశీలకులు హెచ్చరించారు. అంకె న్యాయమూర్తికి సహాయకారి మాత్రమేనని, నిర్ణయం ఆయనదేనని ఈ విధానాల రూపకర్తలు కూడా అంగీకరిస్తున్నారు.

కాలి పట్టీ: ప్రయోజనం, పరిమితి

ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ ఆరంభం ఆసక్తికరమైనది. న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బకర్కీలో న్యాయమూర్తి జాక్ లవ్, స్పైడర్‌మ్యాన్ బొమ్మల కథలో చూసిన ఒక పరికరం స్ఫూర్తితో, 1983లో ప్రొబేషన్‌లో ఉన్న వ్యక్తికి చీలమండ పట్టీ అమర్చాలని ఆదేశించారు. తొలినాళ్ల పరికరం వ్యక్తి ఇంట్లో ఉన్నాడా, లేడా అన్నది మాత్రమే చెప్పేది. తరువాత ఉపగ్రహ ఆధారిత పరికరాలు అతడు ఎక్కడెక్కడ తిరుగుతున్నాడో నిరంతరం నమోదు చేసే స్థితికి వచ్చాయి. వేరా సంస్థ అంచనా ప్రకారం 2005 నుంచి 2021 మధ్య అమెరికాలో ఇలాంటి పర్యవేక్షణలో ఉన్నవారి సంఖ్య దాదాపు 5 రెట్లు పెరిగి, వలస వ్యవహారాలకు సంబంధించినవారితో కలిపి సుమారు 2.5 లక్షలకు చేరింది.

షికాగో నగరం ఉన్న కుక్ కౌంటీ ఉదాహరణ ప్రత్యేకంగా పరిశీలించదగినది. అక్కడ చాలాకాలం పాటు షెరీఫ్ కార్యాలయం ఒక కార్యక్రమాన్ని, ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం మరొక కార్యక్రమాన్ని వేర్వేరుగా నడిపాయి. ఒకే కౌంటీలో రెండు సంస్థలు, రెండు నియమావళులు ఉండడంపై ఏళ్ల తరబడి చర్చ జరిగింది. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త కేసులను షెరీఫ్ కార్యాలయం స్వీకరించడం మానగా, బాధ్యత న్యాయస్థానం విభాగానికి మారింది. రాష్ట్ర చట్టం కూడా కొన్ని రక్షణలు కల్పించింది. ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ ఇంకా అవసరమా అన్నది ప్రతి 60 రోజులకు కోర్టు సమీక్షించాలి. సరకుల కొనుగోలు, వైద్యం వంటి నిత్యావసరాలకు వారంలో కనీసం 2 రోజులు బయటకు వెళ్లే వీలు కల్పించాలి.

అదే కౌంటీలో 2025 నవంబరులో షికాగో రైలులో ప్రయాణిస్తున్న ఒక యువతిపై ఇంధనం పోసి నిప్పంటించిన ఘటన దేశాన్ని కలచివేసింది. ఆ కేసులో నిందితుడు అంతకుముందే మరొక కేసులో ఎలక్ట్రానిక్ పర్యవేక్షణపై విడుదలై ఉన్నాడని వెల్లడి కావడంతో కార్యక్రమం తీవ్ర విమర్శలకు గురైంది. పట్టీ ఒక వ్యక్తి ఎక్కడ ఉన్నాడో తెలియజేస్తుంది గాని, అతడు ఏమి చేయబోతున్నాడో తెలియజేయదు. చేతిని అసలే ఆపదు. నిబంధన ఉల్లంఘించినట్లు సంకేతం అందినప్పుడు ఎవరు చూడాలి, ఎంతసేపట్లో స్పందించాలి, ఎవరికి తెలియజేయాలి అన్న ఏర్పాటు లేనినాడు పరికరం వల్ల కలిగే భద్రత నామమాత్రమే. హింసాత్మక నేరాలలో బాధితుల రక్షణ ఈ ఏర్పాటుపైనే ఆధారపడి ఉంటుంది.

మరోవైపు, ఛార్జింగు అయిపోవడం, సంకేతాలు అందకపోవడం వంటి సాంకేతిక కారణాల వల్ల కూడా ఉల్లంఘనలు నమోదవుతాయి. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారు, తరచు ఇల్లు మారే పేదలు ఇందువల్ల ఎక్కువ ఇబ్బంది పడతారు. పర్యవేక్షణ అతిగా ఉంటే ఉపాధి పోయి, అసలు లక్ష్యమే దెబ్బతింటుంది.

పర్యవేక్షణకు రుసుమా?

అమెరికా అనుభవంలో మిక్కిలి విమర్శకు గురైన అంశం రుసుముల వసూలు. అనేక కౌంటీలలో పట్టీ అద్దెను, ప్రొబేషన్ పర్యవేక్షణ ఖర్చును పర్యవేక్షణలో ఉన్న వ్యక్తి నుంచే వసూలు చేసే పద్ధతి ఏర్పడింది. కొన్ని రాష్ట్రాలలో చిన్న నేరాల ప్రొబేషన్‌ను ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. సొమ్ము కట్టలేక జైలులో ఉన్న పేదవానిని విడిపించడానికి వచ్చిన విధానం, సొమ్ము కట్టలేదన్న కారణంతో అతడిని తిరిగి జైలుకు పంపే పరిస్థితికి దారి తీసింది. చెల్లించే స్తోమత ఉన్నదా, లేదా అన్న విచారణ జరపకుండా ప్రొబేషన్ రద్దు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1983లోనే బేర్డెన్ కేసులో తీర్పు చెప్పింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2020లో చేసిన చట్టం ద్వారా, 2021 జులై 1 నుంచి ప్రొబేషన్ పర్యవేక్షణ, ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ తదితర రుసుములను కౌంటీలు వసూలు చేయకుండా రద్దు చేసింది.

ఒక చిన్న సందేశం

ఖరీదైన పరికరాలతో పోలిస్తే అతి చవకైన ఉపాయం ఒకటి మంచి ఫలితాలనిచ్చింది. అదే వాయిదా తేదీని గుర్తుచేసే మొబైల్ సందేశం. న్యూయార్క్ నగరంలో జరిపిన అధ్యయనంలో, సందేశాలు అందుకున్నవారిలో గైర్హాజరు 20 శాతానికి పైగా తగ్గింది. సమన్ల పత్రాన్ని సులభంగా అర్థమయ్యేటట్లు మార్చినందువల్ల మరో 13 శాతం వరకు తగ్గుదల కనిపించింది. ఈ ఫలితాలు 2020లో ప్రచురితమయ్యాయి. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో ప్రభుత్వ న్యాయవాదుల కార్యాలయం చేసిన ప్రయోగంలోనూ, గైర్హాజరు కారణంగా జారీ అయిన వారెంట్లు నూటికి 12 నుంచి 10 లోపునకు తగ్గాయి. కోర్టుకు రానివారంతా పారిపోయినవారు కారని, చాలామంది తేదీ మరచినవారో, కూలి పని వదులుకోలేనివారో, పత్రంలోని భాష అర్థం కానివారో అని ఈ ప్రయోగాలు రుజువు చేస్తున్నాయి.

మన చట్టాలు, తీర్పులు

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో 1977 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ బెయిలు మంజూరులో వ్యక్తి స్వేచ్ఛకు ఇవ్వవలసిన ప్రాధాన్యాన్ని విశదీకరించారు. 1978లో మోతీరామ్ కేసులో, 10,000 రూపాయల పూచీ కోరి, వేరే జిల్లాకు చెందిన సోదరుని జామీనును తిరస్కరించిన మేజిస్ట్రేటు ఉత్తర్వును సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ కేసులోని నిందితుడు ఒక తాపీ మేస్త్రీ. పొరుగు రాష్ట్రంలో అరెస్టయిన ఆంధ్రుడు స్థానిక జామీనుదారును ఎక్కడి నుంచి తేగలడన్న ప్రశ్న ఆ తీర్పులోనే ఉంది. వలస కూలీలు అధికంగా ఉన్న మన రాష్ట్రాలకు ఆ ప్రశ్న నేటికీ వర్తిస్తుంది.

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి నేరారోపణకు గురైనవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, ఇతరులు సగం కాలం విచారణ ఖైదీలుగా గడిపితే విడుదలకు అర్హులవుతారు. మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదు. గడువు పూర్తికాగానే కోర్టుకు దరఖాస్తు చేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. ఈ నిబంధన పాత కేసులలోని ఖైదీలకు కూడా వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బెయిలు మంజూరైనా పూచీకత్తు సమర్పించలేక జైలులోనే ఉన్నవారి విషయమై సుప్రీంకోర్టు 2023 జనవరి 31న మార్గదర్శకాలు జారీ చేసింది. మంజూరైన 7 రోజులలో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. ఆ సంస్థ ప్రొబేషన్ అధికారి ద్వారాగాని పారా లీగల్ వలంటీర్ ద్వారాగాని ఖైదీ సామాజిక, ఆర్థిక స్థితిగతులపై నివేదిక తయారుచేయించి, షరతుల సడలింపు కోసం కోర్టు ముందుంచవచ్చు. నెల రోజులు దాటితే కోర్టు తనంతట తానుగా షరతులను పునఃపరిశీలించవచ్చు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2023లో ప్రకటించిన పేద ఖైదీల సహాయ పథకం మార్గదర్శకాలలో, బెయిలు పూచీకి 40,000 రూపాయల వరకు సాయం అందించే అవకాశం కల్పించారు.

1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం మరొక ముఖ్య సాధనం. 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండుపై 3 సంవత్సరాలకు మించని కాలానికి విడుదల చేయవచ్చు. 21 ఏళ్ల లోపువారిని జైలుకు పంపే ముందు కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదికను కోరాలని 6వ సెక్షన్ నిర్దేశిస్తోంది. పర్యవేక్షణతోపాటు ఉపాధి పొందడంలో తోడ్పడడం కూడా ఆ అధికారి విధి అని 14వ సెక్షన్ పేర్కొంటోంది.

ఎలక్ట్రానిక్ పట్టీ విషయంలో మన దేశం తొలి అడుగుల దశలో ఉంది. 2023 నవంబరులో జమ్ములోని ప్రత్యేక న్యాయస్థానం ఆదేశంతో ఉగ్రవాద కేసు నిందితునికి పట్టీ అమర్చి, జమ్ము కశ్మీర్ పోలీసులు దేశంలో తొలిసారి ఈ విధానాన్ని వినియోగించారు. కేంద్రం 2023లో రూపొందించిన నమూనా కారాగార చట్టం, ఖైదీ సమ్మతిపై సెలవు కాలంలో ఇలాంటి పరికరం వాడేందుకు వీలు కల్పించింది. కాగా, 2024 జులై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు, నిందితుడు గూగుల్ మ్యాపులో తన ఉనికిని దర్యాప్తు అధికారికి నిరంతరం తెలియజేయాలన్న షరతు గోప్యత హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. పరికరాల వినియోగానికి స్పష్టమైన చట్టబద్ధ ప్రాతిపదిక ఉండాలని ఈ తీర్పు గుర్తుచేస్తోంది.

పాత్రికేయులకు కొన్ని సూచనలు

అమెరికాలో తెలుగువారు ఎదుర్కొనే కేసుల వార్తలు మన పత్రికలలో తరచు వస్తున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు కొందరు విద్యార్థులకు కాలి పట్టీలు అమర్చగా, భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. బాధిత విద్యార్థులలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారంలోనూ కొందరికి పట్టీలు వేశారు. ఈ రెండూ ఫెడరల్ వలస అధికారుల చర్యలే గాని కౌంటీ కోర్టుల ఉత్తర్వులు కావు. అందువల్ల వార్త రాసేటప్పుడు ఉత్తర్వు ఏ సంస్థ జారీ చేసిందో చూడడం అవసరం.

అలాగే బెయిలు, ప్రొబేషన్, పెరోల్ పదాలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. విచారణకు ముందు విడుదల బెయిలు. నేరం రుజువైన తరువాత జైలుకు బదులు విడుదల ప్రొబేషన్. జైలులో ఉన్న శిక్షాఖైదీకి లభించే విడుదల పెరోల్. మొదటి దశలోని వ్యక్తి నిందితుడే గాని దోషి కాడన్న విచక్షణ వార్తా శీర్షికలో సైతం పాటించదగినది.

జిల్లా స్థాయిలో చేయదగినవి

కౌంటీల అనుభవాన్ని, మన చట్టాలను కలిపి చూస్తే కొత్త శాసనం లేకుండానే చేయదగిన పనులు కొన్ని స్పష్టమవుతున్నాయి. 7 రోజులు దాటినా విడుదల కాని ఖైదీల జాబితాను న్యాయ సేవాధికార సంస్థ ప్రతి వారం పరిశీలించవచ్చు. ప్రొబేషన్ అధికారి నివేదికలో నివాసం, కుటుంబం, ఉపాధి వివరాలు స్థలంలో నిర్ధారించుకొని నమోదు చేయవచ్చు. వాయిదా తేదీని తెలుగులో, సులభమైన మాటలలో సందేశంగా పంపవచ్చు. పర్యవేక్షణ వ్యయాన్ని పేదవానిపై మోపకుండా జాగ్రత్త వహించవచ్చు. హింసాత్మక నేరాలలో షరతుల ఉల్లంఘన జరిగితే బాధితులకు, పోలీసులకు వెంటనే సమాచారం చేరే ఏర్పాటు చేయవచ్చు.

విడుదలైన ప్రతి వ్యక్తి వెనుక ఒక కుటుంబం, ప్రతి కేసు వెనుక ఒక బాధితుడు ఉంటారు. వీరిరువురికీ న్యాయం జరగాలంటే ఎవరిని, ఎంతవరకు, ఎంతకాలం పర్యవేక్షించాలన్న నిర్ణయం వ్యక్తిని బట్టి, ఆధారాలను బట్టి జరగాలి. ఆ నిర్ణయానికి అవసరమైన నమ్మదగిన సమాచారాన్ని సకాలంలో కోర్టుకు అందించే సిబ్బంది ప్రతి జిల్లాలో ఉన్నప్పుడే చట్టం కల్పించిన అవకాశాలు నిజమైన అర్హులకు చేరుతాయి.